తలుపు మూయని ఆకు

శివలీల చెంచలి ఆకుకూర కాడలు ఒక్కొక్కటే తీసుకుని, లేత కొసలు గిల్లి చాటలో వేస్తోంది. ముదురు కాడలు, గులాబీ రంగు పూత దిగిన కంకులు పక్కన కుప్పగా పడుతున్నాయి. ఎదురుగా పొయ్యి దగ్గర ఆమె తల్లి తుల్జమ్మ జొన్నపిండి తడుపుతోంది. రెండుసార్లు అదిమి చెయ్యి ఆపుతోంది. ఊపిరి తీసుకుని మళ్ళీ అదుముతోంది.

"జరుగు అమ్మా, నేను చేస్త."

"నీకు రొట్టె గుండ్రంగ ఏడొస్తది? తెల్లకోటేసుకునేటోళ్లు చేసిన రొట్టె తింటే మీ నాయిన చెరుకు కొట్టినట్టే."

శివలీల లేచి తల్లి గడ్డం పట్టుకుని, కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసింది. లోపల ఎర్రదనం లేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పోయినేడు వానాకాలం ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"నిన్న కూర తిన్నవా?"

"తిన్న."

"ఎంత?"

"గిన్నెడు. పొద్దున లేస్తే పోలీసోళ్ల లెక్క అడుగుతవేంది బిడ్డా? తిన్ననంటే తిన్న."

స్నానం చేసి తండ్రి విఠల్ దొడ్లోంచి వచ్చాడు. చెరుకు కొట్టే మనిషి. ఒంటి చేత్తో మోపు ఎత్తి ట్రాలీ మీదికి విసిరేవాడని ఎర్రగట్టులో పేరు. అతని ఒంటి రంగు ఈ మధ్య మారింది. పొయ్యి మీద పెట్టిపెట్టి మసిబారిన రాగిచెంబులా ఉంది. ఎండకేనని అందరూ అనుకుంటున్నారు. కానీ చొక్కా కింద దాగే పొట్ట కూడా అదే రంగులో ఉందని శివలీల ఇప్పుడే చూసింది.

అతను చొక్కా తొడుక్కుని గుండీలతో కాసేపు పెనుగులాడాడు. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళలో కణుపులు వాచి ఉన్నాయి.

"జర పెట్టు బిడ్డా. ఈ నడుమ గుండీలు మరీ సన్నగ చేస్తున్నరు."

"గుండీలు ఎప్పటి లెక్కనే ఉన్నయి నాయినా. నీ చేతులకేమైంది?"

"కత్తి పట్టీపట్టీ. మాపటికి నూనె రాస్తే పోతది."

ప్రహరీ అవతల నుంచి తుల్జమ్మ చెల్లెలు చంద్రమ్మ తొంగిచూసింది. "అక్కా, పిడికెడు ఆకుంటే ఇస్తవా? మాది నిన్ననే అయిపోయింది. మా ఇంటాయన ఆ కూర లేంది రొట్టె ముట్టనే..." అంటూ శివలీలను చూసి ఆగింది. "నువ్వింక పోలేదా బిడ్డా? అదే, నాకు గావాలె అని. నేనే తింట."

తుల్జమ్మ చెల్లెలి వంక ఒక చూపు చూసింది. శివలీల ఆ చూపును చూసింది. ఏదో అడగబోయేంతలో రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. అన్నం డబ్బీ సంచిలో వేసుకుని పరుగెత్తింది. కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఆ చూపు ఆమెను వదల్లేదు.

*

పరిశోధన కేంద్రం పట్నం చివర, తుమ్మచెట్ల మధ్య ఉంది. శివలీల పదో తరగతి దాకా ఎర్రగట్టు బడిలో చదివి, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి అక్కడ చేరింది. చేరిన కొత్తలో, ఆకుకూరల మీద అక్కడ పరిశోధన చేసే డాక్టర్ ఉమాబాల చూపించిన వింత ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

గాజు పళ్ళేల్లో మనిషి పేగు గోడ కణాలు పెంచారు. వాటికి ఇనుము కలిపిన నీళ్ళు పోసి, ఇనుము తగిలితే నీలంగా మారే రంగు వేశారు. మొదటి పళ్ళెం కొంచెం నీలమై అక్కడితో ఆగిపోయింది. ఎంత పోసినా అంతే. "చాలినంత చేరగానే పేగు తలుపు మూసుకుంటుంది. ఎక్కువైతే ఇనుము ఒంటికి విషం కదా," అంది ఉమాబాల. రెండో పళ్ళెంలో ఉమాబాల పెంచిన కొత్తరకం చెంచలి రసం రెండు చుక్కలు వేసింది శివలీల. నీలం ఆగలేదు. ముదిరి ముదిరి సిరాలా, చివరికి నల్లగా అయింది.

"నిండినా ఆగదా మేడమ్?"

ఉమాబాల నవ్వింది. "నిండితే కదా! ఈ ఊళ్ళలో ఆడవాళ్ళకి నిండడం అనేది ఎప్పుడుంది చెప్పు? నెలనెలా పోయేది పోతుంది, కాన్పులకి పోయేది పోతుంది. తలుపు బార్లా తీసి ఉంచినా ఆ ఇల్లు నిండదు. మాత్రలిస్తే కడుపులో తిప్పుతోందని పారేస్తారు. ఇదైతే జొన్నచేలో ఊరికే దొరికే కలుపు మొక్క, అలవాటైన కూర, దీన్నెవరు వద్దంటారు?"

పోయినేడు వానలకు ఎర్రగట్టులోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ రక్తం తక్కువున్న ఆడవాళ్ళకు విత్తనం పంచారు. దొడ్లో, స్నానాల నీళ్ళు పారే చోట చల్లుకోమన్నారు. ఎర్రగట్టు ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది శివలీలే. "ఇది కూర అనుకోకుండ్రి, మందనుకోండ్రి. మీకోసం ఇస్తున్నది. తినకుంటే విత్తనం ఆపేస్తరు." మందైతే చేదుండాలె గద అని వాళ్ళు నవ్వారు. అందరికంటే ముందు కొంగు పట్టింది తుల్జమ్మ. మగవాళ్ళు తింటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఏడాది తిరిగినా చాలామందికి రక్తం పెరగలేదు. ఆకు బలం చాలలేదనుకుని ఈ వానలకు మరింత ఘాటైన రెండో రకం ఇచ్చారు. దానికీ పెరగలేదు. ఇప్పుడు మూడోది సిద్ధమైంది. మొదటి రకానికి ఎన్నో రెట్లు. ఆ సాయంత్రమే వ్యాన్‌లో ఊళ్ళకు వెళ్ళాలి. వరండాలో విత్తనం పొట్లాలు అట్టపెట్టెల్లోకి ఎక్కుతున్నాయి.

"ఒక్క సంగతి మాత్రం అంతుబట్టడం లేదు," అంది ఉమాబాల కంప్యూటర్ ముందు కూర్చుని. "కొందరికి మాత్రం మొదటి రకంతోనే బ్రహ్మాండంగా పెరిగింది. మట్టి చూశాను, నీళ్ళు చూశాను, వయసు చూశాను. దేనితోనూ పొంతన కుదరలేదు. మీ ఊరివాళ్ళే, చూడు. మొగులమ్మ, బాలమణి, సిద్దమ్మ. వీళ్ళలో ఏముంది?"

శివలీల ఆ పేర్లు చూసింది. రక్తం తీయడానికి ఇంటింటికీ తిరిగేది ఆమే. ఆ ఇళ్ళు ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చాయి. మొగులమ్మ మొగుడు పోయి చాలాకాలమైంది. బాలమణి భర్త లారీ నడుపుతూ ఎప్పుడో గాని రాడు. సిద్దమ్మ పెళ్ళే చేసుకోలేదు. వాళ్ళ గడపల ముందు మగవాళ్ళ చెప్పులు లేవు.

ఆమె చేతిలోని గాజు నాళం బల్ల మీద పెట్టేసింది.

మిగతా ఇళ్ళలో వండిన కూర ముందు ఎవరి కంచంలోకి వెళుతుంది? అందరూ తిని లేచాక గిన్నెలో ఏం మిగులుతుంది? తను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. రోజూ చూస్తున్నది కాబట్టే చూడలేదు. పొద్దున తండ్రి పొట్ట మీది రంగు, వాచిన కణుపులు, చంద్రమ్మ మింగేసిన మాట గుర్తొచ్చాయి.

"మేడమ్, నేనొకసారి ఊరికి పోయొస్తా."

"ఇప్పుడా? ప్యాకింగ్ ఎవరు చూస్తారు?"

"వ్యాన్ మాత్రం నేను వచ్చేదాకా ఆపండి మేడమ్." అలా ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదలు. ఉమాబాల తలెత్తేలోగా రక్తం తీసే పెట్టె సంచిలో పెట్టుకుని బయటపడింది.

*

చెరుకుతోటలో విఠల్ గట్టు మీద కూలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు వరసలో చాలా ముందుకు వెళ్ళిపోయారు. అతని కత్తి కిందపడి ఉంది. కూతుర్ని చూసి దాన్ని తీసుకోబోయాడు. పట్టు దొరక్క మళ్ళీ జారింది.

"ఏం నాయినా, కూసున్నవ్?"

"జర ఆయాసమొచ్చింది. గుండెల పిట్ట కొట్టుకున్నట్టు కొట్టుకుంటది, మల్ల ఆగుతది. నువ్వెందుకొచ్చినవ్ ఎండల?"

చెరుకు మోస్తున్న ఒకతను కేకేశాడు. "విఠలన్నకు ముసలితనమొచ్చింది బిడ్డా! మొన్నటిదాంక మమ్మల్ని పిల్లకాయలనేటోడు, ఇయ్యాల మేమే మోపు లేపుతున్నం."

"నీ మోపు నాకు బీడీకట్టంత లేదుర పో," అన్నాడు విఠల్. నవ్వబోయి దగ్గాడు.

శివలీల అతని పక్కన కూర్చుని మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించింది. "ఊర్ల అందరికి చూస్తున్నం నాయినా. షుగరుందేమో అని." అబద్ధం చెబుతున్నప్పుడు ఆమె అతని మొహం వంక చూడలేదు. సూది దిగింది. సన్నని గొట్టంలోకి రక్తం ఎర్రగా, ఆరోగ్యంగా ఎక్కింది. చూస్తే ఏ లోపమూ కనిపించదు. అందుకే ఆమెకు మరీ భయమేసింది.

"నాయినా, చెంచలి కూర నువ్వు తింటున్నవా?"

"ఎందుకు తింట లేను? మీ అమ్మ దినాం చేస్తది. ఎండుమిర్చి, ఎల్లిగడ్డ ఏసి మస్తు చేస్తది. నేనే అడిగి ఏయించుకుంట."

"మరి అమ్మ?"

విఠల్ ఆలోచించాడు. భార్య ఏం తింటుందో అతనికి తెలియదు. అది అతని మొహంలోనే కనిపించింది.

"తింటది గావచ్చు," అన్నాడు. "నేను పండుకున్నంక."

*

ఒంట్లో ఇనుము ఎంత నిల్వ ఉందో చెప్పే యంత్రం కేంద్రంలో ఉంది. ఇన్నాళ్ళూ అది చిన్న చిన్న అంకెలే చూపించింది. ఆడవాళ్ళవి. శివలీల తండ్రి రక్తం అందులో పెట్టి నిలబడింది. అంకె రాలేదు. కొలతకు మించిందన్న ఎర్ర గుర్తు వచ్చింది. నమూనాను పలచన చేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే ఎర్ర గుర్తు. ఇంకా పలచన చేస్తే అప్పుడు వచ్చింది అంకె.

ఉమాబాల వెనక నుంచి చూసింది. "ఎవరిది?"

"మా నాయినది."

ఉమాబాల కళ్ళజోడు తీసింది. ఆమెకు కూడా అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"మగవాళ్ళు ప్రయోగంలో లేరు కదా శివలీలా."

"ఇంట్లో ఉన్నారు మేడమ్."

వరండాలో ఎవరో పెట్టెలు లెక్కపెడుతున్న చప్పుడు. ఉమాబాల వెళ్ళి వ్యాన్ ఆపించింది. తిరిగి వచ్చి కూర్చోకుండా కుర్చీ వీపు మీద చేతులు ఆనించి నిలబడింది. "ఆడవాళ్ళకి రక్తం పెరగడం లేదని మనం ఆకు బలం పెంచాం. వాళ్ళు తిననే లేదు. తింటున్నవాళ్ళకి తలుపు తెరిచే ఉంది. నిండిపోయాక కూడా. కాలేయంలోకి, కీళ్ళలోకి, గుండెలోకి..."

"దీనికి మందేంది మేడమ్?"

"ముందు ఆ కూర ఆపాలి. ఈ రోజే. ప్రతి ముద్దా లెక్కే ఇప్పుడు. ఆ తర్వాత, ఒంట్లోంచి రక్తం తీసేయడమే. వారం వారం తీయాలి. ఇనుము అలాగే బయటకొస్తుంది. గుండె బాగా దెబ్బతినకముందు దొరికితే నిలుస్తారు."

రక్తం తీసేయడం. పొద్దున తల్లి కంటి రెప్ప లోపలి తెలుపు శివలీలకు గుర్తొచ్చింది. ఒకే చూరు కింద ఒకరికి లేక, ఒకరికి ఎక్కువై. ఏడుపొచ్చింది గాని ఏడవడానికి సమయం లేదనిపించింది.

"రేపు పొద్దున్నే డాక్టర్లను తీసుకుని వస్తాను," అంది ఉమాబాల. "అన్ని ఊళ్ళకీ. కానీ ఏ ఇంట్లో ఎవరు తిన్నారో తెలియాలి. నేనడిగితే చెప్తారా? ఏడాదిన్నరగా మేమే తిన్నామంటున్నారు. ఇప్పుడు కూడా అదే అంటారు. మొగుడికి పెట్టామని ఒప్పుకుంటే తప్పు తమ మీదికొస్తుందని భయం ఉంటుంది. నీకైనా చెప్తారా?"

శివలీల సంచి భుజానికి తగిలించుకుంది. తనకు తల్లే చెప్పలేదు.

బస్సులో కూర్చుని తండ్రి ఫోన్‌కు చేస్తూనే ఉంది. మోగుతోంది, ఆగుతోంది. తోటలో వదిలాడో, ఇంట్లో దూలానికి వేలాడే సంచిలో ఉందో. పొద్దు వాలిపోతోంది. దారి పొడుగునా ఊళ్ళలో పొయ్యిల పొగ లేస్తోంది. ఆ పొగ చూసినప్పుడల్లా ఆమె సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ఎర్రగట్టు మలుపు దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే దిగింది.

*

విఠల్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందు కంచం. రొట్టె మీద చెంచలి కూర నిండుగా ఉంది. సగం తిన్నాడు. తుల్జమ్మ పక్కనే కూర్చుని గరిటెతో ఇంకాస్త వేయబోతోంది.

"నాయినా, తినకు!"

ఇద్దరూ తలలెత్తారు.

"ఏమైంది బిడ్డా, గట్ల ఉరికొచ్చినవ్?" అంది తుల్జమ్మ.

"ఆ కూర నాయినకు పెట్టకు. అది నీది. నువ్వు తినాల్సింది."

"నేను తిన్న. గిది మిగిలింది."

"అమ్మా, అబద్ధం చెప్పకు. నాయిన రక్తం చూసిన ఇయ్యాల. ఆ ఆకు నీ అసొంటోళ్లకు బలం. నాయినకు విషం. ఆయన ఒంట్ల ఇనుము నిండి కారుతున్నది. ఆ రంగు ఎండది గాదు. ఆ కణుపులు కత్తివి గావు. గుండె దాంక పోయింది. ఇట్లనే తింటే ఒకనాడు తోటలనే పడిపోతడు."

విఠల్ నవ్వాడు. "ఆకుకూర తిని ఎవడన్న సచ్చిండా? మా తాత, వాళ్ల తాత ఇదే తిని..."

"ఇది వాళ్లు తిన్నది గాదు నాయినా. మేం మార్చినం. మేమే మార్చినం." శివలీల తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఒక్కసారి నిజం చెప్పు. ఒక్కనాడన్న తిన్నవా?"

తుల్జమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. కూతురి వంక చూడకుండా పొయ్యిలో కట్టె సర్దింది.

"పగలంత చెరుకు కొట్టొచ్చిన మనిషికి నీళ్లచారు పోసి, నేను కూసుండి బలం ఆకు తినాల్నా?" అంది. గొంతులో కోపమే ఉంది. "నోట్లకు ఎట్ల పోతది? నువ్వే చెప్పు. బలమైందని నువ్వే అంటివి. బలమైనది ఇంట్ల ఎవలకు పెడ్తరు?"

విఠల్ చేతిలో రొట్టె తుంపు అలాగే ఉంది. "మరి నువ్వేం తింటున్నవే ఇన్ని దినాలు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే?"

"కారం, రొట్టె. ఎందుకిప్పుడు?"

అతను భార్య వైపు చూశాడు. ఎన్నడూ అలా చూసినట్టు లేదు. ఆమె మెడ దగ్గర చర్మం, చేతుల మీద తేలిన నరాలు, నలిగిన మొహం.

శివలీల తల్లి పక్కన కూర్చుంది. "చంద్రమ్మ చిన్నమ్మ గూడ అంతేనా?"

తుల్జమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అందరూ అంతేనా అమ్మా?"

"విత్తనం ఆపేస్తరని నువ్వే అంటివి గద," అంది తుల్జమ్మ చివరికి. "అందరు నా దగ్గరికే వచ్చిండ్రు, ఏం చెప్పాలె తుల్జక్కా అని. తిన్నమని చెప్పుండ్రి అన్న. ఎవలడిగినా అదే మాట చెప్పుండ్రి, ఇంట్లోళ్లకు బలమొస్తున్నది, పోగొట్టుకోవద్దన్న. నా మాట మీదనే చెప్తున్నరు."

"చిన్నమ్మ ఇంటాయన, మాణిక్ చిన్నాయిన, కాళ్లు పట్టేసినయని మొన్న మంచం దిగలేదు," అంది శివలీల మెల్లగా. "రేపు మేడమ్ వస్తది, డాక్టర్లొస్తరు. రేపటికైనా వీళ్లు నిజం చెప్పాలె. ఈ పూట మాత్రం..."

బయట చీకటి పడుతోంది. పక్కింట్లో ఎల్లిగడ్డ తాలింపు వేసినట్టుంది, వాసన గోడ దాటి వచ్చింది. ఆ వెనక ఇంట్లోంచి కంచాలు పెట్టిన చప్పుడు. అవతలి వీధిలో ఎవరో భార్యను పిలుస్తున్నారు, ఇంకో రొట్టె తెమ్మని.

తుల్జమ్మ ఆ చప్పుళ్ళు విన్నది. ఒక్కొక్క ఇంటి వైపూ చెవి పెట్టినట్టు తల కొంచెం తిప్పుతూ విన్నది.

తర్వాత ముందుకు వంగి భర్త ముందున్న కంచం పట్టుకుంది. తినేవాడి ముందు నుంచి కంచం తీయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆమె తల్లి తీయలేదు, అత్త తీయలేదు. ఎంత కోపమొచ్చినా, ఎంత తగువైనా, మనిషి తిని లేచేదాకా కంచం జోలికి పోరు. తుల్జమ్మ దాన్ని తన వైపు లాగింది. కంచం నేల మీద గీరుకుంది. విఠల్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ చేతిలోని తుంపు కూడా ఆమె వేళ్ళతో విప్పి తీసుకుంది.

"తుల్జా," అన్నాడు విఠల్.

ఆమె కంచంలోది, గిన్నెలోది అంతా పొయ్యిలో మంట మీద కుమ్మరించింది. నిప్పు చుయ్యిమని పొగ లేచింది. చెంబులో నీళ్ళు తీసుకుని చేతులు కడుక్కుంది. లేవబోతే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. శివలీల పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దంది. ఊపిరి నిలదొక్కుకుంది.

"ఏడికే?" అన్నాడు విఠల్.

తుల్జమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, గడప దాటి, చంద్రమ్మ ఇంటి వైపు నడిచింది.